పాల్‌వరల్డ్: మా సర్వర్‌లో రోజూ వినే అపోహలు, అసలు సంగతులు

మా పిన్ని పిల్లలు, పాత ఆఫీసు స్నేహితులు కలిపి ఎనిమిది మందికి ఒక పాల్‌వరల్డ్ సర్వర్ నడుపుతున్నాను. పాల్‌వరల్డ్ అంటే పాల్స్ అనే వింత జీవాల్ని పట్టి, పెంచి, పని చేయించుకునే వీడియో గేమ్; సర్వర్ అంటే అందరం కలిసి ఆడే ఉమ్మడి లోకాన్ని నడిపే కంప్యూటర్. ఒకడు డాలస్‌లో, ఇద్దరు హైదరాబాద్‌లో, మిగతావాళ్ళం విజయవాడ చుట్టుపక్కల. కొత్తగా ఎవరు చేరినా మొదటి వారంలో అవే ప్రశ్నలు, ఎక్కడో యూట్యూబ్‌లో విని నమ్మేసిన అవే మాటలు. వాయిస్ చాట్‌లో చెప్పీ చెప్పీ నా గొంతు పోతోంది కాబట్టి ఒకసారి రాసి పడేస్తున్నా.

అపోహ: "ఇది తుపాకులున్న పోకెమాన్"

ఆట వచ్చిన కొత్తలో ఎవర్ని అడిగినా ఇదే మాట (పోకెమాన్ అంటే బంతి విసిరి జీవాల్ని పట్టే నింటెండో ఆట). 2024 జనవరి 19న ఎర్లీ యాక్సెస్‌లో, అంటే పూర్తిగా తయారుకాకముందే, అమ్మకానికి వచ్చింది, నెల తిరిగేసరికి స్టీమ్‌లో (పీసీ ఆటలు అమ్మే ఆన్‌లైన్ దుకాణం) కోటిన్నర కాపీలు అమ్ముడయ్యాయి, ఎక్స్‌బాక్స్‌లో ఇంకో కోటి మంది ఆడారు, అందులో సగం మందైనా ఈ ఒక్క ముక్క విని వచ్చి ఉంటారు. నేనూ అలా వచ్చినవాణ్ణే. తీరా చూస్తే మొదటి ఇరవై గంటలూ చెట్లు నరకడం, రాళ్ళు కొట్టడం, బరువు ఎక్కువై నడవలేక దారిలో సామాను పారేయడం! తయారుచేసిన పాకెట్‌పెయిర్ టోక్యో కంపెనీ. దీనికి ముందు 2020లో క్రాఫ్టోపియా అనే సర్వైవల్ ఆట తెచ్చారు, అది ఆడినవాళ్ళకి పాల్‌వరల్డ్‌లో చాలా చోట్ల ఆ చెయ్యే కనిపిస్తుంది. పాల్స్‌ని పట్టుకోవడం ఇందులో మొదటి మెట్టు, ఆ తర్వాత వాటికి తిండి, పడక, పని చూడాలి. వేటకి వచ్చామనుకుంటాం గానీ చివరికి సంసారం చేస్తాం. ఇది ముందే తెలిస్తే కింద చెప్పేవన్నీ తేలిగ్గా అర్థమవుతాయి.

అపోహ: "చంపుకుంటూ పోతేనే లెవెల్ పెరుగుతుంది"

మొదట్లో అయితే పూర్తిగా తప్పు. కొట్లాటకన్నా పట్టుకోవడానికే ఎక్స్‌పీ (లెవెల్ పెంచే పాయింట్లు) ఎక్కువ, పైగా ఒక్కో రకం పాల్‌ని పట్టిన మొదటి కొన్నింటికి బోనస్ ఉంటుంది (నేను మొదలుపెట్టినప్పుడు అది రకానికి పది). కాబట్టి కనిపించిన లాంబాల్, కాటివా, చికిపీ ఏదీ వదలకండి. పాల్‌ని పట్టే బంతి పేరు స్పియర్; మామూలు స్పియర్‌కి అయ్యేది పాల్డియం అనే ఖనిజం ముక్క ఒకటి, మూడు కర్రలు, మూడు రాళ్ళు, అంటే దాదాపు ఉచితం. అక్కడ పిసినారితనం చూపించి ఏం లాభం?

అపోహ: "స్పియర్ పడటం పూర్తిగా అదృష్టం"

ఇందులో సగం నిజం, ఎందుకంటే చివరికి అది పాచికే. కానీ పాచిక మీద అంకెలు మార్చడం మన చేతిలో ఉంది. స్పియర్ గురిపెట్టినప్పుడు కనిపించే అంకె చూడండి, ప్రాణం తగ్గిన కొద్దీ అది పెరుగుతుంది, వెనక నుంచి వేస్తే ఇంకాస్త. మా వాళ్ళలో ఒకడు ఎదురుగా నిలబడి ముఖం మీదే నలభై స్పియర్లు విసిరి "అన్నా, గేమ్ మోసం చేస్తోంది" అన్నాడు. చెట్టు చాటుకెళ్ళి వంగి ఆ పాల్ వెనక్కి రమ్మన్నాను, రెండోదానికే పడింది. కొట్టేటప్పుడు పొరపాటున చంపేస్తున్నారా, రింగ్ ఆఫ్ మెర్సీ అనే ఉంగరం పెట్టుకోండి, ఒక్క హెచ్‌పీ (ప్రాణం పాయింటు) మిగిల్చి ఆపుతుంది.

ఇక్కడే ఒక తమాషా. లిఫ్‌మంక్ అనే పాల్ బొమ్మలు ఏరి విగ్రహం దగ్గర ఇస్తే పట్టే శక్తి పెరుగుతుందని ఆటే చెబుతుంది. కొత్తల్లో కొందరు "అది పని చెయ్యట్లేదు, అంకె ఒకటి, జరిగేది ఇంకోటి" అని గోల పెడితే మిగతావాళ్ళందరం నవ్వాం, నేను ముందు వరసలో ఉన్నాను. కొన్ని వారాలకి వచ్చిన ప్యాచ్ నోట్స్‌లో (ఆటలో చేసిన సవరణల జాబితా) ఆ బగ్ నిజమేనని, సరిచేశామని పాకెట్‌పెయిరే రాసింది. ఇప్పుడు బాగానే పని చేస్తుంది కాబట్టి ఆ పచ్చగా మెరిసే బొమ్మ ఎక్కడ కనిపించినా తీసుకోండి. కానీ "ప్లేయర్లు చెప్పేదంతా అపోహే" అని నేను అనుకోవడం మాత్రం ఆ రోజుతో మానేశాను.

అపోహ: "ఒక అరుదైన పాల్ దొరికితే ఇక బేస్‌కి తిరుగుండదు"

బేస్ అంటే మనం కట్టుకుని పాల్స్‌తో పని చేయించే స్థావరం. దీని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. ప్రతి పాల్‌కీ చేతనైన పనులు కొన్నే ఉంటాయి: నిప్పు, నీరు, నాట్లు, కరెంటు, చేతిపని, కోత, చెట్లు కొట్టడం, గని పని, మందులు, చల్లబరచడం, మోత, పశువుల దొడ్డి. ఒక్కోదానికి ఒక స్థాయి. మామూలు సెట్టింగ్స్‌లో బేస్‌కి పదిహేను పాల్స్ కంటే పట్టవు కాబట్టి ఎవరిని పెట్టాలన్నదే అసలు ఆట. అనుబిస్‌ని చూడండి, చేతిపనిలో నాలుగో స్థాయి, అందరూ దాని కోసమే తపిస్తారు. తెచ్చి బేస్‌లో వదిలితే అది రాళ్ళు కొట్టడానికి పోతుంది, లేదా మూట ఎత్తుకుని పెట్టె దగ్గరికి నడుస్తుంది, ఎందుకంటే గని పని, మోత కూడా దానికి చేతనవును. మేస్త్రీని పిలిచి ఇటుకలు మోయించినట్టు. తర్వాత వచ్చిన అప్‌డేట్‌తో మానిటరింగ్ స్టాండ్ (పాల్స్ పని మీద అజమాయిషీ చేసే చోటు) దగ్గర ఏ పాల్ ఏ పని చెయ్యకూడదో విడివిడిగా ఆపేసే వీలొచ్చింది, అది పెట్టని వాళ్ళు ఇప్పటికీ మా సర్వర్‌లోనే ముగ్గురున్నారు.

ఇంకో సంగతి, పాల్ పేరు కన్నా దాని పాసివ్ స్కిల్, అంటే దానికి సహజంగా ఉండే గుణం, ముఖ్యం. ఆర్టిజన్ ఉంటే పని వేగం 50 శాతం పెరుగుతుంది, సీరియస్ ఉంటే 20 శాతం, స్లాకర్ ఉంటే 30 శాతం పడిపోతుంది. బద్ధకస్తుడైన మంచి జాతి పాల్ కంటే కష్టపడే మామూలు పాల్ ఎన్నో సార్లు నయం. రాత్రి నిద్రపోని పాల్స్ కొన్ని ఉంటాయి, వాటిని ఒకటి రెండు గనిలో పెట్టుకుంటే తెల్లారేసరికి ఖనిజం సిద్ధం.

అపోహ: "పని గట్టిగా చేయిస్తే సామాను ఎక్కువ వస్తుంది"

మానిటరింగ్ స్టాండ్‌లో పని కఠినంగా పెట్టే ఆప్షన్ ఉంది, నిజమే. అది ఒక గంటకి లాభం, సాయంత్రానికి నష్టం. పాల్స్‌కి శాన్ అని ఒక మీటర్ ఉంటుంది, మనశ్శాంతి అనుకోండి. అది పడిపోతే పని ఎగ్గొడతాయి, అతిగా తింటాయి, జబ్బు పడతాయి. వేడినీళ్ళ తొట్టి, ఒక్కోదానికి ఒక మంచం, పచ్చి బెర్రీల కన్నా వండిన తిండి, ఈ మూడూ చూసుకుంటే ఏ కఠిన ఆప్షనూ అక్కర్లేదు.

నా బుద్ధి తక్కువ పని ఒకటి చెప్తా. సంక్రాంతికి అందరం ఊళ్ళకి పోయాం, సర్వర్ ఆపడం మర్చిపోయాను. తిరిగొచ్చి చూస్తే తిండి పెట్టెలో ఒక్క బెర్రీ లేదు, బెర్రీ తోటలో పనిచేసే పాల్స్ ఆకలికి కూలబడ్డాయి, అవి కూలబడ్డాయి కాబట్టి తోటలో నాటేవాళ్ళు లేరు, నాటేవాళ్ళు లేరు కాబట్టి మిగతావి కూడా కూలబడ్డాయి. మొత్తం గుడారం ఆస్పత్రి వార్డులా ఉంది. అప్పటినుంచి ఎవరూ ఆడని రోజుల్లో సర్వర్ ఆపేస్తున్నా, కరెంటు బిల్లూ కలిసొచ్చింది.

అపోహ: "మొదటి టవర్ బాస్‌కి లెవెల్ ఒక్కటే మందు"

కాదు. టవర్ బాస్ అంటే టవర్‌లో కాచుకున్న పెద్ద శత్రువు. మొదటి టవర్‌లో ఉండేది జోయ్ అనే అమ్మాయి, ఆమె పాల్ గ్రిజ్‌బోల్ట్; అక్కడ పది నిమిషాల గడువుంటుంది, అందులో ఓడించలేకపోతే మళ్ళీ మొదటికి. గ్రిజ్‌బోల్ట్ కరెంటు జాతి, దానికి మట్టి జాతి పాల్స్ అంటే భయం. రషోర్‌నో గమ్మాస్‌నో ఐదు పెంచుకుని వెళ్ళండి. నీటి జాతి పాల్స్‌తో వెళ్ళి ఏడ్చినవాళ్ళని చూశాను, కరెంటు ముందు నీళ్ళు నిలబడవు కదా. ఇక మొదలెట్టిన చోటే తిరిగే ఆ పెద్ద మామోరెస్ట్ పాల్ జోలికి మాత్రం వెళ్ళకండి, దాని లెవెల్ 38.

అపోహ: "గుడ్డులో ఏది వస్తుందో దేవుడికే తెలుసు"

రెండు పాల్స్‌ని జతకట్టిస్తే వచ్చే గుడ్డు ఇది; ఏది పుడుతుందో తెలుసుకోవచ్చు, కూడికలు వస్తే చాలు. ప్రతి జాతికీ కనిపించని ఒక అంకె ఉంటుంది, తల్లిదండ్రుల అంకెల సగటు ఏ జాతి అంకెకి దగ్గరగా ఉంటే ఆ జాతి పిల్ల పుడుతుంది. అందుకే పెంకింగ్, బుషి కలిపితే అనుబిస్ వస్తుంది, ఎడారిలో అనుబిస్‌తో కొట్టుకోనక్కర్లేదు. ఒక మగ, ఒక ఆడ ఉండాలి, కానీ ఏది మగ ఏది ఆడ అన్నది దాదాపు ఎప్పుడూ పట్టింపు లేదు. కాట్రెస్, విక్సెన్ జంట లాంటివే మినహాయింపు, అక్కడ ఆడ ఎవరు అన్నదాన్ని బట్టి పిల్ల మారుతుంది. జాతి ఖాయం గానీ పాసివ్‌లు మాత్రం లాటరీ, ఇద్దరి దగ్గరా ఉన్నవాటిలో కొన్ని దిగుతాయి, కొన్నిసార్లు ఎవరి దగ్గరా లేనిది ఊడిపడుతుంది. నాలుగు పాసివ్‌లూ మంచివి కావాలంటే ముప్పై నలభై గుడ్లకి సిద్ధపడండి.

అసలు ఖర్చు కేక్, అది లేనిదే జంట గుడ్డు పెట్టదు. ఒక్క కేక్‌కి పిండి 5, ఎర్ర బెర్రీలు 8, పాలు 7, గుడ్లు 8, తేనె 2. పాలకి మొజ్జరినా, గుడ్లకి చికిపీ, తేనెకి బీగార్డ్, మూడింటినీ దొడ్డిలో కట్టేస్తే సగం పని అయిపోయినట్టే. కేక్ చేసిన వెంటనే బ్రీడింగ్ ఫార్మ్ (పాల్స్‌ని జతకట్టించే చోటు) పెట్టెలో వేసెయ్యండి, చేతిసంచిలో ఉంటే పాడవుతుంది.

అపోహ: "సెట్టింగ్స్ మారిస్తే చీటింగే"

మేం సర్వర్ పెట్టిన కొత్తలో సెట్టింగ్స్ ఫైల్‌లో పెద్ద గుడ్డు పొదిగే సమయం 72 గంటలని ఉంది. ఉద్యోగాలు చేసుకునే మనుషులం! రెండు గంటలకి తగ్గించాను, ఎవరి మనస్సాక్షీ చెడలేదు.

అపోహ: "నింటెండో కేసు వేసింది, ఇవాళో రేపో మూసేస్తారు"

ఇది విని కొనకుండా ఆగిపోయినవాళ్ళు నాకు తెలుసు. నింటెండో, పోకెమాన్ కంపెనీ కలిసి 2024 సెప్టెంబర్ 18న టోక్యో జిల్లా కోర్టులో వేసిన కేసు పేటెంట్ల మీద, బొమ్మల పోలిక మీద కాదు. మూడు జపాన్ పేటెంట్లు, ఒక్కొక్కరికి 50 లక్షల యెన్ల పరిహారం, ఆలస్యపు రుసుము, అమ్మకాలు ఆపాలన్న కోరిక. ప్రభావం ఆటలో కనిపించింది కూడా: 2024 నవంబర్‌లో స్పియర్ విసిరి పాల్‌ని బయటికి పిలవడం తీసేశారు, ఇప్పుడది మన పక్కనే వచ్చి నిలబడుతుంది. 2025 మేలో పాల్‌ని పట్టుకుని ఎగరడం పోయి గ్లైడర్ వచ్చింది. నాకైతే ఆ విసిరే ముచ్చట పోయినందుకే బాధ. కానీ కేసు వేశాక కూడా ఫేబ్రేక్ లాంటి పెద్ద అప్‌డేట్లు వస్తూనే ఉన్నాయి, మా సర్వర్‌లో సగం బేస్‌లు ఆ తర్వాత కట్టినవే.

అపోహ: "ఫోన్‌లో ఏపీకే దొరుకుతుంది"

ఏపీకే అంటే ఆండ్రాయిడ్ ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైల్; ఈ పేరుతో దొరికేది వైరస్. ఫోన్ కోసం వేరే ఆట తయారు చేస్తున్నట్టు క్రాఫ్టన్ అనే కంపెనీ ప్రకటించింది గానీ, టెలిగ్రామ్ గ్రూపుల్లో తిరిగే ఫైళ్ళకీ దానికీ సంబంధం లేదు. మా డాలస్ తమ్ముడు ఒకటి దించుకుని రెండు రోజులు ఫోన్ పని చెయ్యక అవస్థ పడ్డాడు. పీసీలో ఆడాలంటే కనీసం 16 జీబీ ర్యామ్, 40 జీబీ ఖాళీ కావాలి. సర్వర్ కూడా ఇంట్లోనే పెడతానంటే ఆ 16 సర్వర్‌కే విడిగా ఉంచండి, మా పాత డబ్బాలో 8తో మొదలుపెడితే రెండు గంటలకోసారి రీస్టార్ట్ చెయ్యాల్సి వచ్చేది.