కిరీటాల వెనక పెళ్లి గొడవ

లిథువేనియా రాజధాని విల్నియస్‌లోని కెథడ్రల్ నేలమాళిగలో 2024 డిసెంబరులో పాత రాజకుటుంబం కిరీటాలు దొరికాయి. 1939 సెప్టెంబరు నాటి న్యూస్‌పేపర్లలో చుట్టి ఉన్నాయి. రెండో ప్రపంచ యుద్ధం మొదలవగానే దాచేసిన సొత్తు అది. బతికుండగా తల మీద పెట్టుకున్నవి కావు, శవపేటిక కోసం చేయించినవి. ఆ వార్త 2025 జనవరిలో బయటికొచ్చింది మొదలు, 16వ శతాబ్దంలో పోలెండ్, లిథువేనియాలను ఏలిన సిగిస్మండ్ ఆగస్టస్ రెండో భార్య బార్బరా రాద్జివీల్ ప్రేమకథ మళ్లీ చక్కర్లు కొడుతోంది. అత్త బోనా స్ఫోర్జా విషం పెట్టిందన్న పుకారు కూడా షరా మామూలే. ఆ పుకారుకు ఆధారం లేదు. బార్బరా జబ్బుతో పోయింది.

1386లో లిథువేనియా పాలకుడు యొగైలా పోలెండ్ రాణి యాద్విగాను పెళ్లాడటంతో రెండు రాజ్యాలనూ ఏలిన యాగెలోనియన్ వంశం మొదలైంది. సిగిస్మండ్ ఆగస్టస్ ఆ వంశం వాడే. ఆ కథకు ఈ ఒక్క వాక్యం చాలు. గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటే: లిథువేనియాలో గద్దె తండ్రి నుంచి కొడుక్కి వచ్చేది, పోలెండ్‌లో మాత్రం పెద్దలు ఒప్పుకోవాలి. అందుకే సిగిస్మండ్ ఆగస్టస్‌కు పదేళ్లు నిండకముందే, 1530లో, తండ్రి బతికుండగానే పట్టాభిషేకం చేయించారు. మళ్లీ ఇలా చేయబోమని పోలెండ్ పెద్దలకు మాటివ్వాల్సి వచ్చింది.

అసలు మలుపు 1548. అంతకు ముందు ఏడాదే రాజు విల్నియస్‌లో బార్బరాను గుట్టుగా పెళ్లి చేసుకున్నాడు. ఆమె వితంతువు, పైగా సొంత ప్రజల్లోని ఒక పెద్దింటి ఆడపడుచు. 1548లో పియోత్రకూఫ్ పట్నంలో సెయ్మ్, అంటే పోలెండ్ పార్లమెంటు, కొలువుదీరింది. ప్రతినిధులు రాజు ముందు మోకాళ్ల మీద కూర్చుని ఆ పెళ్లి వదులుకోమని వేడుకున్నారు. కథలు చెప్పేవాళ్లు వీళ్లను ప్రేమకు అడ్డొచ్చిన విలన్లుగా చూపిస్తారు. వాళ్ల మాట కూడా వినాలి కదా. మొదటి భార్య ఎలిజబెత్ 1545లోనే సంతానం లేకుండా పోయింది. వంశంలో మగవాడు ఇతనొక్కడే. పరాయి రాజకుమార్తె వస్తే ఒక దేశం అండ దొరుకుతుంది. బార్బరా వస్తే రాద్జివీల్ అన్నదమ్ముల పలుకుబడి పెరుగుతుంది. పెరిగింది కూడా. రాజు పెళ్లి రాజ్యం పెళ్లి అన్నది వాళ్ల వాదన. భార్యకిచ్చిన మాట తప్పేవాడు మీకిచ్చిన మాట నిలుపుకుంటాడా అన్నది రాజు జవాబు.

రాజే నెగ్గాడు. 1550 డిసెంబరులో ఆమెకు అప్పటి పోలెండ్ రాజధాని క్రాకోలో పట్టాభిషేకం జరిగింది. అయిదు నెలలకే చనిపోయింది. క్రాకోలో వద్దు, విల్నియస్‌లోనే పూడ్చమని కోరింది. మొదటి భార్య సమాధి ఉన్న చోటే ఆమెనూ ఉంచారు.

1553లో మూడో పెళ్లి, మొదటి భార్య చెల్లెలు కేథరిన్‌తో. అదీ కుదరలేదు. 1566లో ఆమె పోలెండ్ వదిలి వెళ్లిపోయింది. విడాకులకు రోమ్‌లోని పోప్ ఒప్పుకోలేదు. ఇక వారసుడు పుట్టడని తేలిపోయాకే రెండు రాజ్యాలను కట్టి ఉంచే ముడి కోసం తొందర మొదలైంది. ఆమె వెళ్లిపోకముందే, 1564లో, రాజు లిథువేనియా మీద తన వంశహక్కును పోలెండ్ కిరీటానికి రాసిచ్చాడు. 1569లో రెండు రాజ్యాలను ఒకటి చేసే లుబ్లిన్ ఒప్పందం కుదిరింది. అంతవరకూ పెళ్లి చేసిన పనిని ఇకపై కాగితం చేయాలి. లిథువేనియా పెద్దలు దీన్ని ఇష్టంగా ఒప్పుకున్నారని మాత్రం ఎవరూ అనరు.

కేథరిన్ 1572 ఫిబ్రవరి 28న లింజ్‌లో చనిపోయింది. మళ్లీ పెళ్లి చేసుకునే వీలు దొరికిన నాలుగు నెలలకు, జూలై 7న, రాజూ పోయాడు. మరుసటి ఏడాది కొత్త రాజును ఎన్నుకుంటూ రాసుకున్న షరతుల్లో ఒకటి: సెనేట్‌ను, అంటే పెద్దల సభను, అడగకుండా రాజు పెళ్లి చేసుకోకూడదు.