గుమ్మడితీగ ఎంత దూరం పాకుతుంది?

చిన్నీ, బుజ్జీ,

మొన్న ఫోన్లో చిన్ని అడిగింది: "తాతయ్యా, మెల్‌బోర్న్ వెళ్లడానికి బాబాయ్ వీసా అంటూ ఇంత టెన్షన్ పడుతున్నాడు కదా, మొట్టమొదట అక్కడికి పోయినవాళ్లు ఎలా పోయారు?" జవాబు చెప్పేలోపే అమ్మ అన్నానికి పిలిచింది.

మన పెరట్లో గుమ్మడిపాదు గుర్తుందా? గింజ పెట్టింది బావి దగ్గర, కాయ కాసింది పక్కింటి రేకుల మీద. పక్కింటికి పోవాలని తీగ బయల్దేరిందా? రోజుకు జానెడు పాకింది, కణుపు నేలకు తగిలినచోట వేళ్లు దించింది. మనుషులూ అంతే. మన పాదు ఆఫ్రికాలో ఉంది. ఇంచుమించు 60 వేల ఏళ్ల కిందట కొన్ని గుంపులు అక్కణ్ణుంచి ఆసియాలోకి వచ్చాయి. తాత గుడిసె వాగుకు ఇవతల, మనవడిది అవతల. ఏడాదికి కిలోమీటరు జరిగినా 15 వేల ఏళ్లలో 15 వేల కిలోమీటర్లు! ప్రయాణం చేస్తున్నామని వాళ్లకే తెలిసి ఉండదు.

నా చిన్నప్పుడు ఇలాగే పక్కింటి కప్పు మీద కాసిన కాయకోసం గొడవైంది. నాయనమ్మ దాన్ని కోసి సగం వాళ్లకు పంపింది. సాయంత్రానికి వాళ్లింటి నుంచి గిన్నెడు దప్పళం వచ్చింది. "మీరెక్కణ్ణుంచో వచ్చినవాళ్లు" అని ఎవరైనా ఎవరినైనా అంటే నాకు ఆ దప్పళమే గుర్తొస్తుంది. వెనక్కి లాగితే అందరి తీగా ఒకే పాదులో తేలుతుంది కదా.

మరి సముద్రం? అప్పట్లో చలి ఎక్కువ. నీళ్లు మంచుగడ్డలై పేరుకుపోయి, ఒక దశలో సముద్రం ఇప్పటికన్నా 120 మీటర్లు దిగింది. సైబీరియాకూ అలాస్కాకూ మధ్య నేల తేలి, అమెరికాకు నడకదారి పడింది. అమెరికాలో వైట్ శాండ్స్ అనేచోట 20 వేల ఏళ్లు దాటిన అడుగుజాడలు దొరికాయి. వాటిలో ఎక్కువ పిల్లలవీ, మీ అక్కయ్య ఈడువాళ్లవీ!

ఆస్ట్రేలియాకు మాత్రం అప్పుడూ నేలదారి లేదు. దాదాపు 50 వేల ఏళ్ల కిందట నీళ్లు దాటే చేరారు. ఏ తెప్ప మీదో! అంత పాత తెప్ప ఒక్కటీ మిగల్లేదు. నులితీగ చూడండి, పట్టు దొరుకుతుందో లేదో తెలియకుండానే గాలిలోకి చెయ్యి చాస్తుంది. గుమ్మడితీగ సముద్రం దాటదంటారా? కాయ నీళ్లలో తేలుతుందిలే! న్యూజిలాండ్ మరీ ఆలస్యం. పాలినేషియన్లు, అంటే పసిఫిక్ దీవులవాళ్లు, పడవల్లో అక్కడ కాలుపెట్టేనాటికి ఓరుగల్లును కాకతీయులు ఏలుతున్నారు.

సెలవులకు వస్తే బనగానపల్లె దగ్గర జ్వాలాపురం పోదాం. 74 వేల ఏళ్ల కిందట ఇండోనేషియాలోని సుమత్రా దీవిలో టోబా అగ్నిపర్వతం పేలితే, ఆ బూడిద అక్కడిదాకా వచ్చి పడింది. గిన్నెలు తోమే పొడికోసం దాన్ని తవ్వి అమ్మారు కూడా. బూడిద కిందా, పైనా రాతి పనిముట్లు దొరికాయి. కిందివి చేసింది మనలాంటి మనుషులేనా, అంతకుముందటి వేరే మనుషులా అని పండితులు ఇంకా వాదించుకుంటున్నారు. వాదించుకోనీండి. మీరు ఆ బూడిదను వేళ్ల మధ్య నలిపి చూద్దురుగాని.

చెప్పులు కాదు, బూట్లు తెచ్చుకోండి. దారంతా ముళ్లు.

మీ తాతయ్య