నల్లవాళ్లా, ఆదివాసులా? గరిఫునాల భూమి గొడవ ఎక్కడ మొదలైంది

హోండురాస్ ఉత్తర తీరంలో, తెలా అనే పట్నానికి దగ్గర్లో, త్రియున్ఫో దె లా క్రూస్ అని సముద్రం ఒడ్డున ఒక ఊరుంది. ఆఫ్రికా వాళ్లూ కరీబియన్ ఆదివాసులూ కలిసి పుట్టిన గరిఫునా జాతి వాళ్ల ఊరది. 2020 జూలై 18 తెల్లవారుజామున పోలీసు యూనిఫాంలు వేసుకున్న సాయుధులు ఊళ్లోకి వచ్చి, గ్రామ కమిటీ అధ్యక్షుడు స్నైడర్ సెంతెనోని, ఇంకా కొందరిని బండ్లెక్కించుకుని పోయారు. వాళ్లలో సెంతెనోతో కలిపి నలుగురు గరిఫునా మనుషులు. ఆ తర్వాత వాళ్ల జాడ లేదు. విచిత్రం ఏమిటంటే ఆ ఊరు అప్పటికే కేసు గెలిచింది. అయిదేళ్ల ముందు, 2015 అక్టోబర్‌లో, అంతర అమెరికా మానవ హక్కుల కోర్టు ఈ భూమి ఊరిదేనని, హోండురాస్ ప్రభుత్వం దాన్ని కాపాడలేదని తీర్పిచ్చింది.

కోర్టులో గెలిచిన ఊరికి ఈ గతి ఎందుకు పట్టిందో తెలియాలంటే, గరిఫునాల గురించి ఈ తీరంలో అందరికీ అలవాటైన ఒక మాట దగ్గర మొదలుపెట్టాలి. "వీళ్లు ఇక్కడి ఆదివాసులు కాదు, ఆఫ్రికా వాళ్లు, 1797లో పడవల్లో దిగారు, వీళ్లకి పూర్వీకుల భూమి ఏమిటి?" అంటారు. కొత్త మాటేం కాదు ఇది. దీనికి రెండొందల యాభై ఏళ్లుంటాయి, పుట్టింది కూడా హోండురాస్‌లో కాదు.

కరీబియన్‌లో సెయింట్ విన్సెంట్ అని చిన్న ద్వీపం. గరిఫునాలు దాన్ని యురుమెయిన్ అంటారు. అక్కడ కాలినాగోలు ఉండేవాళ్లు, యూరోపియన్లు కరీబులని పిలిచింది వీళ్లనే. 17వ శతాబ్దంలో ఆఫ్రికా నుంచి బానిసల్ని తెస్తున్న ఓడ దగ్గర్లో బద్దలైందని, బతికి ఒడ్డుకు చేరినవాళ్లు కాలినాగోలతో కలిసిపోయారని గరిఫునాల కథ. 1635 అంటారు ఎక్కువమంది, చరిత్రకారుల్లో ఇంకో తేదీ చెప్పేవాళ్లూ ఉన్నారు. ఓడ ఒక్కటే దారి కాదనుకోండి. తూర్పున బార్బడోస్‌లో చెరకు తోటలు, గాలి అటునుంచి ఇటు వీస్తుంది, కాబట్టి ఏదో ఒక తెప్ప దొరికిన బానిస పారిపోయి చేరగలిగింది సెయింట్ విన్సెంట్‌కే. అలా వంద, నూటయాభై ఏళ్లలో ఒక కొత్త జాతి తయారైంది. గరిఫునాలు వీళ్లే, యూరోపియన్లు మాత్రం వీళ్లనీ కరీబులనే అన్నారు. రంగు ఆఫ్రికాది, భాష అరవాక్ కుటుంబానిది, అందులో కరీబు మాటలు, తర్వాత ఫ్రెంచి మాటలు. తిండి కర్రపెండలం. మన సామర్లకోట వైపు సగ్గుబియ్యం తీసే దుంపే, కాకపోతే వీళ్లు వాడేది చేదు రకం, అందులో విషం ఉంటుంది, తురిమి, పొడుగాటి అల్లిక సంచిలో వేసి రసమంతా పిండేసి, పెద్ద పెనం మీద రొట్టెలా కాలుస్తారు. ఎరెబా అంటారు దాన్ని. ఈ పద్ధతి అమెరికా ఆదివాసులది, ఆఫ్రికాది కాదు. గరిఫునా ఊళ్లలో ఆడవాళ్లు ఇప్పటికీ చేస్తున్నారు.

1763లో పారిస్ ఒప్పందంతో ఆ ద్వీపం బ్రిటన్ చేతికొచ్చింది. అంతకుముందు ఫ్రెంచివాళ్లు, ఇంగ్లీషువాళ్లు ఆ ద్వీపాన్ని కరీబులకే వదిలేస్తామని 1660లో ఒప్పుకున్నారు, ఆ సంగతి అప్పుడెవరూ పట్టించుకోలేదు. చెరకుకి పనికొచ్చే మంచి భూమంతా గాలివాటు వైపున, కరీబుల దగ్గర ఉంది. భూముల అమ్మకానికి లండన్ కమిషనర్లను పంపింది, వాళ్లకు నాయకుడు విలియం యంగ్. సర్వే చేసేవాళ్లు రోడ్డు వేయబోతే కరీబులు అడ్డుకున్నారు. యుద్ధం అయింది, బ్రిటిష్ సైన్యం అనుకున్నంత తేలిగ్గా గెలవలేకపోయింది, 1773లో ఒప్పందం చేసుకుని ద్వీపం ఉత్తర భాగాన్ని వాళ్లకు వదిలిపెట్టాల్సి వచ్చింది.

సరిగ్గా ఈ కాలంలోనే "నల్ల కరీబులు", "పసుపు కరీబులు" అనే విభజన రాజకీయంగా పదునెక్కింది. వాదన ఇలా నడుస్తుంది: అసలైన కరీబులు పసుపు రంగువాళ్లు, పాపం అమాయకులు, నల్లవాళ్లు బానిసల సంతానం, వచ్చి అసలువాళ్లను తరిమేసి భూమి ఆక్రమించుకున్నారు, కాబట్టి వాళ్లకు ఏ హక్కూ లేదు, మనం తీసుకుంటే తప్పు లేదు. కమిషనర్ యంగ్ కొడుకు, అతని పేరూ విలియం యంగే, 1795లో ఈ వాదనతో ఒక పుస్తకమే అచ్చేయించాడు. ఆ కుటుంబానికి అదే ద్వీపంలో తోటలున్నాయని వేరే చెప్పాలా? నిన్నగాక మొన్న సముద్రం దాటి వచ్చినవాడు, వందేళ్లకు పైగా అక్కడే పుట్టి పెరిగినవాళ్లను పరాయివాళ్లంటున్నాడు! ఆ నిబ్బరం చూస్తే నాకు నవ్వే వస్తుంది.

అదే 1795లో రెండో యుద్ధం. ఫ్రెంచి విప్లవం గాలి కరీబియన్ దాకా వచ్చింది, గ్వాదెలూప్‌లో ఉన్న ఫ్రెంచి అధికారి విక్టర్ యూగ్ ఆయుధాలిచ్చాడు, కరీబు నాయకుడు జోసెఫ్ చాటోయే తిరగబడ్డాడు. మార్చి 14న డార్సెట్‌షైర్ హిల్ దగ్గర చనిపోయాడు. నాయకుడు పోయినా పోరాటం ఇంకో ఏడాదికి పైగా సాగింది, 1796లో జనరల్ అబర్‌క్రాంబీ పెద్ద సైన్యంతో దిగాకే వాళ్లు లొంగారు. ఇళ్లు, పడవలు, పంటలు తగలబెట్టారు, ఆకలితో బయటికి రావాలని. పట్టుకున్నవాళ్లను, నాలుగు వేల పైచిలుకు మందిని, బాలిసో అనే ఎండు దిబ్బ మీద పెట్టారు. సరైన నీళ్లు లేవు, జ్వరాలు. నెలల్లో దాదాపు సగం మంది చచ్చిపోయారు.

ఆ దిబ్బ మీద జరిగిన ఇంకో పని గురించి తక్కువమంది మాట్లాడతారు, నాకైతే మొత్తం కథకి కీలకం అదే. బ్రిటిష్ అధికారులు ఖైదీలను రంగు చూసి ఏరారు. తేలిక రంగువాళ్లను, "పసుపు కరీబుల" కింద లెక్కగట్టి, సెయింట్ విన్సెంట్‌కి తిరిగి పంపేశారు. నల్లగా ఉన్నవాళ్లను ఓడలెక్కించారు. ఒకే భాష, ఒకే ఇళ్లు, ఒకే యుద్ధం, కానీ ఎవరు ఆ నేలకు చెందినవాళ్లో చర్మం చూసి తేల్చారు. మిగిలిన రెండు వేల మంది 1797 ఏప్రిల్‌లో హోండురాస్‌కి ఎదురుగా ఉన్న రొవాతాన్ ద్వీపంలో దిగారు. ఏప్రిల్ 12ని ఇప్పటికీ అక్కడ పండగలా జరుపుకుంటారు. పండగంటే, వెళ్లగొట్టబడ్డ రోజే పండగ.

కొన్ని నెలలకే స్పానిష్ అధికారులు చాలామందిని తీరం మీదున్న త్రుహీయోకి తెచ్చుకున్నారు, కాపలాకీ వ్యవసాయానికీ మనుషులు కావాలి కదా. అక్కడినుంచి తీరం పొడుగునా ఊళ్లు వెలిశాయి. గ్వాటెమాలాలో లివింగ్‌స్టన్, బెలీజ్‌లో దక్షిణ తీరం, నికరాగ్వాలో పెర్ల్ లగూన్. 1832లో హోండురాస్ అంతర్యుద్ధంలో ఓడిన పక్షాన నిలిచినవాళ్లు బెలీజ్‌కి పారిపోయారు, నవంబర్ 19న బెలీజ్‌లో జరిగే సెటిల్‌మెంట్ డే దానిదే. అప్పటికి ఇప్పుడున్న ఏ మధ్య అమెరికా దేశమూ విడిగా స్వతంత్ర దేశం కాదు. హోండురాస్ గణతంత్రం కంటే హోండురాస్‌లో గరిఫునా ఊళ్లు పాతవి. "1797లో వచ్చినవాళ్లు" అని దెప్పేవాళ్లకు ఈ లెక్క గుర్తుండదు.

ఇక అరటిపళ్ల కంపెనీలు. 19వ శతాబ్దం చివర గరిఫునాలే చిన్న తోటల్లో అరటి పండించి ఓడలకు అమ్మేవాళ్లు. తర్వాత అమెరికన్ కంపెనీలు రైల్వే వేస్తామని, వేసిన ప్రతి కిలోమీటరుకూ ఇంత భూమి అని ప్రభుత్వం దగ్గర రాయించుకున్నాయి. లా సేబాలో స్టాండర్డ్ ఫ్రూట్, తెలాలో, త్రుహీయోలో యునైటెడ్ ఫ్రూట్ కంపెనీ శాఖలు. సొంత తోట రైతు రేవులో కూలీ అయ్యాడు. 1937లో నియంత తిబుర్సియో కరీయాస్ సైనికులు సాన్ హువాన్ అనే గరిఫునా ఊళ్లో, ప్రతిపక్షానికి సాయం చేశారని మగవాళ్లను కాల్చి చంపారు, తప్పించుకున్నవాళ్లు బెలీజ్ చేరారు. ఆ ఊరి పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

కంపెనీలు వెళ్లిపోయాక మగవాళ్లు వ్యాపార నౌకల మీద, ఆ దారినే న్యూయార్క్‌కి వెళ్లారు. బ్రాంక్స్‌లో గరిఫునా సంఘం పెద్దది. 1990 మార్చిలో అక్కడ హ్యాపీ ల్యాండ్ క్లబ్బు తగలబడి 87 మంది పోతే, వాళ్లలో ఎక్కువమంది హోండురాస్ వాళ్లు, చాలామంది గరిఫునాలు.

ఊళ్లలో మాత్రం భూమి కరగడం మొదలైంది. గరిఫునాల సేద్యం ఆడవాళ్ల చేతుల్లో ఉంటుంది, కొన్నేళ్లు పండించి కొన్నేళ్లు బీడు వదులుతారు. భూసంస్కరణ చట్టాల దృష్టిలో బీడు అంటే ఖాళీ భూమి. లోపలి జిల్లాల నుంచి వచ్చిన రైతులకు, పశువుల ఆసాములకు ఆ "ఖాళీ" కనిపించింది. త్రియున్ఫోకి 1950లో 380 హెక్టార్లకు పట్టా ఉంది. 1989లో తెలా మునిసిపాలిటీ తన పట్టణ హద్దును పెంచుకుంటే ఊరి భూమిలో కొంత ఆ గీత లోపలికి పోయింది, ఆ తర్వాత టూరిజం కోసం ప్రైవేటువాళ్లకు అమ్ముడైంది. కొన్నవాళ్ల దగ్గర స్టాంపులు, సంతకాలు అన్నీ సక్రమం. అదే సమయంలో, 1990లో, టూరిజం ప్రాంతాల్లో విదేశీయులు తీర భూమి కొనుక్కునే చట్టం వచ్చింది, రాజ్యాంగం 107వ అధికరణం సరిహద్దుకీ తీరానికీ 40 కిలోమీటర్ల లోపు విదేశీయులు భూమి కొనకూడదని చెబుతున్నా సరే. 1998లో మిచ్ తుపాను దేశాన్ని ముంచెత్తిన రోజుల్లో ఆ అధికరణాన్నే మార్చే ప్రయత్నం జరిగింది, గరిఫునాలు, ఇతర ఆదివాసులు రోడ్డెక్కాక ఆగింది.

ఈ ఉద్యమంలో రెండు సంఘాల దారులు వేరు. 1970ల చివర పుట్టిన ఓఫ్రానే, ఇప్పుడు మిరియం మిరాందా నాయకత్వంలో ఉంది, మేము ఆదివాసులం, మాది భూభాగం, స్వయంపాలన అంటుంది. 1992లో సెలెయో అల్వారెస్ కసిల్దో పెట్టిన ఒడెకో, మేము ఆఫ్రికా సంతతి, మాకు జాతి వివక్ష లేని పౌరసత్వం, పదవులు, చదువులు కావాలంటుంది. బయటివాళ్లు దీన్ని పెద్ద గందరగోళంగా చూస్తారు. నాకలా అనిపించదు. నల్లవాళ్లయినందుకు ఉద్యోగం దొరకని మనిషికీ, ఆదివాసి కాదని భూమి పోగొట్టుకున్న మనిషికీ ఒకే పేరు చాలదు, ఆ ఇద్దరూ ఒకే మనిషైనా సరే. అయితే ప్రభుత్వాలకు ఈ రెండు దారుల్లో ఏది తేలికో ఊహించడం కష్టం కాదు. ఏప్రిల్‌లో ఢోలు వాయించి, పుంతా డాన్స్ చూసి, యునెస్కో 2001లోనే ఈ భాష, నాట్యం, సంగీతాన్ని మానవాళి వారసత్వంగా గుర్తించిందని ఉపన్యాసం ఇచ్చేస్తే ఖర్చు లేదు. ఎరెబాకి కర్రపెండలం ఏ నేల మీద పండాలి అనే ప్రశ్నకే ఖర్చు ఉంది.

చట్టంలో మాత్రం ఆ పాత "అసలువాళ్లు కాదు" వాదన ఓడిపోయింది. హోండురాస్ 1995లో, ఆదివాసుల హక్కుల మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసిన 169వ ఒడంబడికను ఆమోదించింది. మన దేశం దాన్ని ఇంకా ఆమోదించలేదు, 1958లో దానికి ముందుదైన 107వ ఒడంబడికకే ఒప్పుకుంది. 169లో ఆదివాసి ప్రజలతో పాటు, సొంత ఆచారాలతో విడిగా బతికే తెగల ప్రజలూ ఉంటారు. ఎవరు ముందొచ్చారన్నది ఒక్కటే కొలత కాదు. పారిపోయిన బానిసల సంతతైన సూరినామ్ సారమాకాల కేసులో అంతర అమెరికా కోర్టు 2007లోనే ఈ హక్కును నిలబెట్టింది. 2015లో త్రియున్ఫో, పుంతా పియెద్రా ఊళ్లకు ఒకే రోజు తీర్పులొచ్చాయి. 2023లో సాన్ హువాన్ ఊరికి, అదే 1937 నాటి సాన్ హువాన్‌కి, మూడో తీర్పు.

అమలు దగ్గరే అంతా ఆగిపోతుంది. తీర్పు ప్రకారం ప్రభుత్వం హద్దు రాళ్లు వేయాలి, పట్టా ఊరి పేర ఇవ్వాలి, మధ్యలో ఇళ్లు కట్టుకున్నవాళ్లకు, హోటళ్లవాళ్లకు పరిహారమిచ్చి ఖాళీ చేయించాలి. పుంతా పియెద్రాలో వలస వచ్చిన రైతులకు పరిహారమిచ్చి వేరేచోట చూపిస్తామని ప్రభుత్వం 2001లోనే ఒప్పుకుంది, డబ్బు కేటాయించలేదు, ఇరుపక్షాలూ ఒకే నేల మీద ఒకరినొకరు చూసుకుంటూ ఉండిపోయారు, 2007లో ఒక గరిఫునా మనిషి హత్యకు గురయ్యాడు. త్రియున్ఫోలో తీర్పును అమలు చేయమని గట్టిగా అడుగుతున్నవాళ్లలో సెంతెనో ఒకరు. ఆయన్నీ మిగతావాళ్లనీ ఎత్తుకుపోయాక ఓఫ్రానే ప్రభుత్వ దర్యాప్తును నమ్మక సున్లా పేరుతో సొంత విచారణ కమిటీ వేసుకుంది. 2022లో కొత్త ప్రభుత్వం వచ్చింది, తీర్పులు అమలు చేస్తామంది, ఆ తర్వాత దానికోసం ఉన్నతస్థాయి కమిషన్ కూడా పెట్టారు. సముద్రం వైపు స్థలాలు కొన్నవాళ్లు తమ కాగితాలు కూడా చట్టబద్ధమైనవేనని వాదిస్తున్నారు, ఆ కాగితాలిచ్చింది మునిసిపాలిటీ కాబట్టి ఆ మాటలో కొంత నిజమూ ఉంది. పరిహారం ఇవ్వాల్సింది ప్రభుత్వం, ఆ లెక్క తేలేదాకా హద్దు రాళ్లు పడవు.