ఎంపీటీకి అంత తొందరెందుకు?

విశాఖపట్నం

పిల్లలూ,

మీలో కొందరు బైపీసీ పూర్తి చేసి ఏ కోర్సులో చేరాలా అని చూస్తున్నారు. కొందరు బీపీటీ, అంటే ఫిజియోథెరపీ డిగ్రీ, మూడో ఏడాదిలోనే ఎంపీటీ, అంటే దాని పీజీ, ఏ బ్రాంచిలో చేయాలా అని టెన్షన్ పడుతున్నారు. మీ ఇళ్లలో పెద్దవాళ్లేమో "ఫిజియో అంటే మాలిష్ చేయడమేగా, దానికి అన్నేళ్లు చదవాలా?" అంటున్నారు. ఒక్కొక్కరికీ ఫోన్లో విడివిడిగా చెప్పే ఓపిక నాకు లేదు కాబట్టి అందరికీ కలిపి ఈ ఉత్తరం.

ముందు పెద్దవాళ్ల సంగతి తేల్చేస్తాను. మోకాలు మార్పిడి ఆపరేషన్ అయిన వారంలో ఒకావిడ పిక్క బాగా వాచి, నొప్పిగా, వెచ్చగా ఉందని చెప్పిందనుకోండి. ఇంట్లోవాళ్లయితే నూనె రాసి పిసుకుతారు. ఫిజియో మాత్రం అక్కడ చెయ్యి వెనక్కి తీసుకుని వెంటనే సర్జన్‌కి కబురు పెట్టాలి. పిక్కలోని సిరలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు, ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి చేరితే ప్రాణం మీదికొస్తుంది. నడుము నొప్పితో వచ్చినాయన మాటల మధ్యలో "మూత్రం వచ్చేది తెలియడం లేదమ్మా, కూర్చునే చోటంతా మొద్దుబారింది" అన్నాడంటే వ్యాయామాలు పక్కన పెట్టి ఆ పూటే ఆసుపత్రికి పంపాలి. పదేళ్ల పిల్లాడు మోకాలు నొప్పి అంటూ కుంటుతుంటే ముందు తుంటి చూడాలి. తుంటికీ మోకాలికీ వెళ్లే నరాలు కొన్ని ఒకటే కావడం వల్ల జబ్బు పైనుంటే నొప్పి కింద తెలుస్తుంది. ఇవన్నీ మాలిష్ చేసేవాళ్లకు ఎవరు నేర్పుతారు?

మన దేశంలో ఈ చదువు మొదలైంది 1953లో, ముంబయి కేఈఎం ఆసుపత్రిలో. అవి పోలియో పిల్లల కాళ్లను చచ్చుబరుస్తున్న రోజులు. అమెరికాలో అంతకంటే ముందే, మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడ్డ సైనికుల కోసం ఈ వృత్తి రూపుదిద్దుకుంది. 2014లో మన దేశం పోలియో లేని దేశమైంది కానీ ఫిజియోకి పని తగ్గలేదు సరికదా, పెరిగింది. పక్షవాతాలు, బైకు ప్రమాదాలు, అరిగిన మోకాళ్లు, ఐసీయూలో వారాల తరబడి మంచం పట్టినవాళ్లు, పగలంతా కంప్యూటర్ ముందు కూర్చుని మెడ పట్టేసినవాళ్లు, అందరూ ఇక్కడికే వస్తారు.

ఇక కోర్సు. బీపీటీ ఇన్నాళ్లూ నాలుగేళ్ల చదువు, ఆపైన ఆరు నెలల ఇంటర్న్‌షిప్. 2021లో పార్లమెంటు చేసిన చట్టంతో అనుబంధ వైద్య వృత్తులకు ఒక జాతీయ కమిషన్ వచ్చింది. అది 2025లో విడుదల చేసిన కొత్త పాఠ్యప్రణాళికలో కోర్సు ఐదేళ్లయింది, అందులో చివరి ఏడాదంతా ఇంటర్న్‌షిప్. ఫీజు ఇంకో ఏడాది పెరుగుతుందని అమ్మానాన్నలు గొణుగుతారు, వాళ్ల బాధ నాకు తెలుసు. అయినా ఈ మార్పు మంచిదేనని నా అభిప్రాయం. ప్రవేశానికి నీట్ మాట కూడా ఆ ప్రణాళికలో ఉంది కాబట్టి సీనియర్లు చెప్పిన పాత పద్ధతి పట్టుకుని కూర్చోకుండా, మీరు చేరే ఏడాది యూనివర్సిటీ ఇచ్చే నోటిఫికేషన్ మీరే చదవండి. మన రాష్ట్రంలో విజయవాడలోని డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం చూసుకునే వ్యవహారం అది.

మొదటి ఏడాది అనాటమీ, ఫిజియాలజీ. బట్టీ పట్టక తప్పదు, దాని గురించి పెద్దగా చెప్పేదేం లేదు. రెండో ఏడాది బయోమెకానిక్స్, వ్యాయామ చికిత్స, ఎలక్ట్రోథెరపీ వస్తాయి. అసలు రుచి అక్కడ తెలుస్తుంది. కీలు ఎటు ఎంత వంగుతుంది, ఏ కండరం బలహీనపడితే మనిషి నడక ఎలా మారుతుంది అన్నది అర్థమయ్యాక బీచ్ రోడ్డులో పొద్దున్నే నడిచేవాళ్లని మామూలుగా చూడలేరు. ఆయనకి తుంటి పక్క కండరం బలహీనం, ఈవిడ నొప్పి మోకాలి మీద బరువు వేయడం లేదు అంటూ కళ్లు వాటంతటవే లెక్క కట్టేస్తుంటాయి. పక్కన నడిచే స్నేహితురాళ్లు విసుక్కుంటారు కూడా.

రోగులు "కరెంటు పెట్టండమ్మా, అదే తగ్గిపోతుంది" అంటారు. ఐఎఫ్‌టీ, టెన్స్ లాంటి, చర్మం మీంచి సన్నగా కరెంటు పంపే యంత్రాలు కాసేపు నొప్పి తగ్గిస్తాయి. ఆ కాసేపట్లో రోగి చేత కదలిక చేయించాలి. కరెంటు పెట్టి పంపేసే క్లినిక్‌లు మన ఊళ్లో వీధికొకటి ఉన్నాయి. వాటిని చూసి ఇదే ఫిజియోథెరపీ అనుకోకండి.

పుస్తకంలో ఒక పేరాగా ఉండే సంగతి వార్డులో ఎంత పెద్దదవుతుందో ఒక ఉదాహరణ చెబుతాను. పక్షవాతం వచ్చిన కొత్తల్లో చెయ్యి వేలాడిపోతుంది. భుజం కీలులో గిన్నె చాలా లోతు తక్కువ, ఎముకను పట్టి ఉంచేది ఎక్కువగా చుట్టూ ఉన్న కండరాలే. అవి పని మానేస్తే చేతి బరువుకే ఎముక కిందికి జారుతుంది. ఇంట్లోవాళ్లు ప్రేమకొద్దీ ఆ చెయ్యే పట్టుకుని మంచం మీంచి లేపుతారు. దాంతో భుజం దెబ్బతిని, తర్వాత నెలల తరబడి నొప్పి పడుతుంది. నొప్పి భయంతో రోగి ఆ చెయ్యి కదపడు, కదపకపోతే తిరిగి రావలసిన కదలిక కూడా వెనకబడుతుంది. ఇక్కడ ఫిజియో మొదటి పని, కొడుకునో కోడలినో పక్కన నిలబెట్టి, ఎక్కడ పట్టుకుని లేపాలో, పడుకున్నప్పుడు చేతి కింద దిండు ఎలా పెట్టాలో వాళ్ల చేతే చేయించి చూడటం. మీరు వార్డులో ఉండేది అరగంట. మిగతా రోజంతా ఆ రోగి వాళ్ల చేతుల్లోనే ఉంటాడు.

కడుపు ఆపరేషన్ అయినవాళ్ల దగ్గరా ఇంతే. కుట్లు నొప్పని గట్టిగా ఊపిరి తీయరు, దగ్గరు. కఫం లోపలే ఉండిపోయి న్యుమోనియా పట్టుకుంటుంది. కుట్ల మీద దిండు అదిమి పట్టి దగ్గడం నేర్పితే చాలాసార్లు ఆ గొడవ తప్పుతుంది. ఊపిరితిత్తుల వ్యాయామానికి వాడే మూడు బంతుల స్పైరోమీటర్ చేతికిచ్చి వెళ్లిపోవడం తేలిక. దాన్ని ఊదకూడదు, లోపలికి పీల్చాలి అని ప్రతి రోగికీ చేసి చూపించాలి.

ఇంటర్న్‌షిప్ పోస్టింగులు విలువైనవని నేను పదేపదే అనేది ఇందుకే. 1923లో మొదలైన మన కేజీహెచ్‌కి, అదే కింగ్ జార్జ్ ఆసుపత్రికి, శ్రీకాకుళం నుంచి, విజయనగరం నుంచి, పాడేరు ఏజెన్సీ నుంచి, ఒడిశా సరిహద్దు ఊళ్ల నుంచి కూడా జనం వస్తారు. ఎముకల జబ్బులకి, పునరావాసానికి రాణి చంద్రమణీదేవి ఆసుపత్రి ఉంది. విదేశీ పాఠ్యపుస్తకం మోకాలు వంద డిగ్రీల పైచిలుకు వంగితే కుర్చీలోంచి లేవొచ్చు, మెట్లెక్కొచ్చు అని తృప్తిపడుతుంది. ఫిషింగ్ హార్బర్‌లో వల బాగుచేసుకునే మనిషికి గొంతుక్కూర్చోవడం కావాలి. ఏజెన్సీలో ఇంటావిడకి నేల మీద పొయ్యి ముందు కూర్చోవడం కావాలి. కీలు మార్పిడి అయితే అలా కూర్చోవద్దని సర్జన్ అంటారు. అప్పుడు పొయ్యి ఎత్తు పెంచాలా, పీట వేయాలా, ఆ పని ఇంకెవరైనా చేయగలరా అని కుటుంబంతో మాట్లాడాల్సింది మీరే. సింహాచలం గిరి ప్రదక్షిణ అయిన మర్నాడు ఓపీలో కూర్చుంటే ఇంకో పాఠం. 32 కిలోమీటర్లు నడిచొచ్చినవాళ్లందరూ కాళ్ల నొప్పులే అంటారు. పిక్కలంతా పట్టేసి, రెండు మూడు రోజుల్లో తగ్గిపోయే నొప్పేదో, అడుగు వేసిన ప్రతిసారీ ఎముక మీద ఒకే చోట పొడిచే నొప్పేదో వేరు చేయాలి. రెండోదాన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

ఇప్పుడు ఎంపీటీ. రెండేళ్ల కోర్సు. ఆర్థో, న్యూరో, కార్డియో రెస్పిరేటరీ, పీడియాట్రిక్స్, స్పోర్ట్స్, కమ్యూనిటీ లాంటి బ్రాంచిల్లో ఒకటి ఎంచుకుని, ఒక పరిశోధన వ్యాసం కూడా రాయాలి. ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ చేతికి రాగానే పరుగెత్తి చేరొద్దని నా మాట. కనీసం ఒక ఏడాది, వీలైతే రెండేళ్లు, పడకలున్న ఆసుపత్రిలో పనిచేయండి. బ్రాంచి అప్పుడు ఎంచుకోండి. పోస్టింగులో న్యూరో చూసేది కొద్ది వారాలే. పక్షవాతం మనిషి లేచి నిలబడటానికి పట్టేది నెలలు. ఆ నెలలు మీరు చూడకుండా న్యూరో మీకు నచ్చుతుందో లేదో ఎలా తెలుస్తుంది? సెరిబ్రల్ పాల్సీ ఉన్న, అంటే చిన్నప్పుడే మెదడు దెబ్బతిని కదలికలు కుదరని పిల్లాడితో ఆటలాడుతూ చికిత్స చేయడం కొందరికి ప్రాణం, కొందరికి గంటకే తలనొప్పి. రెండూ తప్పు కాదు, కానీ ఫీజు కట్టకముందే తెలియాలి.

మీలో సగం మంది స్పోర్ట్స్ అంటున్నారని తెలుసు. మధురవాడ స్టేడియంలో మ్యాచ్ జరిగినప్పుడల్లా, మైదానంలోకి సంచీ పట్టుకుని పరిగెత్తే ఫిజియోని టీవీలో చూసి ఆ సంఖ్య పెరుగుతుంది. ఒక జట్టుకి అలాంటివాళ్లు ఒకరిద్దరు. ఐసీయూలకి, ముసలివాళ్ల ఇళ్లకి, ప్రసవం తర్వాత మూత్రం ఆపుకోలేక ఎవరికీ చెప్పుకోలేని ఆడవాళ్లకి కావలసినవాళ్లు దొరకడం లేదు. మీలో ఎవరైనా అటు చూస్తే నాకు సంతోషం. అధ్యాపకులు కావాలని ముందే నిర్ణయించుకున్నవాళ్లు మాత్రం ఆగనక్కర్లేదు, ఆ ఉద్యోగానికి ఎంపీటీ కావాలి.

జీతాల సంగతి దాచను. మొదట్లో ప్రైవేటు క్లినిక్‌లు ఇచ్చేది తక్కువ, ప్రభుత్వ పోస్టులు కొద్ది. హోమ్ విజిట్లతో నెట్టుకొచ్చే ఏళ్లు కొన్ని ఉంటాయి. ఎంబీబీఎస్ రాలేదు కాబట్టి ఇది అని చేరినవాళ్లు ఆ ఏళ్లలోనే వదిలేస్తారు.

అమెరికా వెళ్లాలనేవాళ్లకి నాలుగు ముక్కలు. అక్కడ మామూలుగా నాలుగేళ్ల డిగ్రీ చేసి, ఆ తర్వాత మూడేళ్ల డీపీటీ, అంటే డాక్టర్ ఆఫ్ ఫిజికల్ థెరపీ, చదవాలి. ఆ డిగ్రీతో మొదటి కోర్సు 1993లో క్రైటన్ యూనివర్సిటీ పెట్టింది, ఇప్పుడు గుర్తింపు ఉన్న కోర్సులన్నీ డీపీటీయే. అది క్లినికల్ డాక్టరేట్, పరిశోధన చేసే పీహెచ్‌డీ వేరు. ఇక్కడ బీపీటీ చేసినవాళ్లయితే ముందు తమ చదువును అక్కడి ప్రమాణాలతో పోల్చి చూపించాలి. తక్కువపడిన సబ్జెక్టులుంటే చదివి పూర్తి చేయాలి. ఆపైన ఎన్‌పీటీఈ అనే అక్కడి జాతీయ ఫిజియోథెరపీ పరీక్ష రాసి, ఏ రాష్ట్రంలో పనిచేస్తారో అక్కడ లైసెన్స్ తీసుకోవాలి. ఆ పరీక్షలో 200 నుంచి 800 వరకు ఉండే స్కేలు మీద 600 రావాలి. పనిచేస్తున్న ఫిజియోలకని నడిపే ట్రాన్సిషనల్ డీపీటీ ఒకటుంది. కన్సల్టెన్సీవాళ్లు దాన్ని తిరుగులేని టికెట్టులా అమ్ముతారు. ఆ డిగ్రీ ఒక్కటే చేతిలో ఉంటే లైసెన్స్ రాదు.

పేరు ముందు 'డాక్టర్' పెట్టుకోవచ్చా అని అడిగారు. 2025 సెప్టెంబరులో కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ వద్దని ఒక లేఖ ఇచ్చి, మర్నాడే దాన్ని ఆపేసింది. వాదన వాళ్లు తేల్చుకుంటారు, మీరు అనాటమీ చదువుకోండి.

కాలేజీలో చేరేముందు బిల్డింగ్ చూసి మురిసిపోకండి. సొంత ఆసుపత్రి ఉందా, లేకపోతే ఏ ఆసుపత్రికి పంపుతారు, ఐసీయూ పోస్టింగ్ ఉందా, పక్కన నిలబడి తప్పులు దిద్దే సీనియర్ ఎవరు, ఇవి అడగండి. ఆఫీసువాళ్లని కాదు, క్యాంటీన్లో టీ తాగుతున్న ఇంటర్నీలని. ఈ సెలవుల్లో ఏదైనా ఫిజియో విభాగంలో అనుమతి తీసుకుని నాలుగు రోజులు మూల నిలబడి చూడండి. చూసొచ్చాక నాకు ఫోన్ చేయండి. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా మాత్రం వద్దు, నిద్రపోతుంటాను.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ