ఆ పూలకుండీ మన ఆవకాయ జాడీకి చుట్టం

పిల్లలూ,

లండన్ మ్యూజియంలో మీరు తీసి పంపిన పూలకుండీ ఫోటో నిన్నటి నుంచి పదిసార్లు చూసుంటాను. పక్కన అట్ట మీద 'స్టోన్‌వేర్, డౌల్టన్, లాంబెత్' అని ఉంది కదా (డౌల్టన్ అంటే దాన్ని చేసిన కంపెనీ, లాంబెత్ అంటే లండన్‌లో ఒక పేట), అది చదివి చిన్నది "తాతయ్యా, రాయిని తొలిచి చేశారా?" అని అడిగింది. రాయి కాదమ్మా, మట్టే. రాయంత గట్టిగా కాలిన మట్టి.

మన టెక్కలి ఇంట్లో నానమ్మ ఆవకాయ పెట్టే జాడీ గుర్తుందా, పైన గోధుమరంగు, కింద తెలుపు? అదీ స్టోన్‌వేరే. మంచినీళ్ల కుండ కుమ్మరి ఆవంలో ఏ 700, 800 డిగ్రీల వేడికో కాలుతుంది. గట్టిపడుతుంది గానీ లోపల కంటికి కనపడని సందులు మిగిలిపోతాయి, వాటిలోంచి నీళ్లు చెమర్చబట్టే కుండ చల్లగా ఉంటుంది. తగిన మట్టిని 1200 డిగ్రీలు దాటించి కాలిస్తే మాత్రం అందులో కొంత భాగం కరిగి ఆ సందులన్నీ పూడిపోతాయి. ఇక నూనె బయటికి ఊరదు, ఉప్పు గోడని తినేయదు.

పోయిన వేసవిలో పాత జాడీ ఒకటి నా చేతిలోంచి జారి పగిలిపోయింది. చాలా బాధేసింది. ఒక పెంకు దాచుకున్నాను. దాని విరిగిన అంచునీ, ఒక కుండపెంకునీ కడిగి ఆరబెట్టి నాలుక కొసకి ఆనించి చూశాను. కుండపెంకు తడి పీల్చుకుని నాలుకకి అతుక్కుపోయింది, జాడీ పెంకు అతుక్కోనే లేదు.

ఇప్పుడు ఫోటోని పెద్దది చేసి చూడండి. కుండీ ఒళ్లంతా నారింజ తొక్కలా సన్నసన్న గుంటలు. అది ఉప్పు చేసిన పని! బట్టీ బాగా వేడెక్కాక అందులోకి ఉప్పు పోసేవారు, మన నౌపడా మళ్లలో పండే ఉప్పులాంటిదే. ఆ వేడికి ఉప్పు ఆవిరైపోయి, అందులోని సోడియం మట్టిలోని సిలికాతో (ఇసుకలో ఉండేదే) కలిసి కుండీ మీద గాజుపొరలా పరుచుకుంటుంది. బ్రష్షుతో ఎవరూ పూయలేదు. జర్మనీ కుమ్మరులు వందల ఏళ్ల కిందటే ఇలా చేసేవారు. మన జాడీకైతే పూత నీళ్లలో కలిపి, అందులో ముంచి కాలుస్తారు.

ఆ డౌల్టన్ వాళ్లు 1815లో లాంబెత్‌లో పని మొదలుపెట్టి, మొదట్లో సీసాలు, జాడీలు చేసేవారు, 1846 నుంచి మురుగునీటి గొట్టాలు చేశారు. కలరాతో జనం చచ్చిపోతున్న రోజుల్లో ఊరికి అవే దిక్కు. తర్వాత అక్కడి ఆర్ట్ స్కూలు విద్యార్థులు వచ్చి అలాంటి మట్టి మీదే బొమ్మలు వేయడం మొదలుపెట్టారు. మురుగు గొట్టం చేసిన చోటే ఇంత అందమైన కుండీ పుట్టిందంటే నాకు ఆ గొట్టాల మీద కూడా గౌరవం కలిగింది. 1871లో అక్కడ చేరిన హన్నా బార్లో అనే ఆవిడ ఆరని మట్టి మీద మొనతో గుర్రాల్నీ మేకల్నీ జింకల్నీ గీసేది. అలా పనిచేసినవాళ్లు తమ పొడి అక్షరాలు అడుగున చెక్కేవారు. మీరు చూసిన కుండీ ఎవరు చేశారో తెలియాలంటే అడుగు చూడాలి, మ్యూజియం వాళ్ల దగ్గర దాని ఫోటో ఉందేమో అడగండి. అడగడానికి మొహమాటపడొద్దు. లాంబెత్ ఫ్యాక్టరీ 1956లో మూతపడింది.

చిన్నోడు అడిగాడు, అందులో మొక్క బతుకుతుందా అని. అడుగున కన్నం ఉంటే బతుకుతుంది నాయనా. కన్నం లేకపోతే నీళ్లు నిలిచి వేళ్లు కుళ్లిపోతాయి, మట్టికుండీలా పక్కల నుంచి తడి ఆరిపోయే వీలు కూడా దీనికి లేదు. అందుకే మొక్కని మామూలు కుండీలో పెంచి, దాన్ని తీసుకెళ్లి ఇలాంటి అలంకారం కుండీలో దించేవారు.

ఆ రెండు పెంకులూ వంటింటి గూట్లో పెట్టి ఉంచాను. ఎండాకాలం సెలవులకి వచ్చినప్పుడు మీరే నాలుకకి ఆనించి చూద్దురుగాని.

మీ తాతయ్య,
టెక్కలి