టీనేజీ పిల్లల్లో ఏడీహెచ్‌డీ: అపోహలు - వాస్తవాలు

పదో తరగతి దాకా నెట్టుకొచ్చిన పిల్లలు ఇంటర్మీడియట్‌లో చేరగానే చతికిలబడ్డారని బాధపడుతూ వచ్చే తల్లిదండ్రులను మనోవైద్యురాలిగా నేను తరచూ చూస్తుంటాను. అలాంటి పిల్లల్లో కొందరికి ఉన్నది ఏడీహెచ్‌డీ. ఏకాగ్రత నిలవకపోవడం, కుదురు లేకపోవడం, ముందూ వెనకా చూసుకోకుండా పని చేసేయడం దీని ప్రధాన లక్షణాలు. ఇది మెదడు ఎదుగుదలకు సంబంధించిన స్థితి. దీనికి పెంపకం లోపం కారణం కాదు.

అపోహ: ఇది చిన్నపిల్లల సమస్య, పెద్దయితే అదే పోతుంది.

వాస్తవం: వయసుతో పాటు తగ్గేది ఎక్కువగా పైకి కనిపించే పరుగులు, గెంతులే. మతిమరుపు, పనులను వాయిదా వేయడం, ఏ పనికి ఎంత సమయం పడుతుందో అంచనా లేకపోవడం చాలామందిలో మిగిలిపోతాయి. మొదటి నుంచీ అల్లరి చేయని ఆడపిల్లలైతే ‘పరధ్యానం’ అన్న మాటతోనే బడి చదువంతా దాటేస్తారు. అయితే నిర్ధారణకు కొన్ని లక్షణాలు 12 ఏళ్ళ లోపే కనిపించి ఉండాలి, అవి ఇల్లు, బడి వంటి కనీసం రెండు చోట్ల ఉండాలి. అందుకే ఇంటర్‌లో కొత్తగా ఏకాగ్రత చెదిరిందంటే నేను ముందుగా నిద్ర గురించి, దిగులు, ఆందోళనల గురించి, ఇష్టం లేని గ్రూపులో చేర్చారా అన్న విషయం గురించి అడుగుతాను.

అపోహ: మూడు గంటలు గేమ్ ఆడగలిగినవాడు పుస్తకం ముందు కూర్చోలేకపోవడం బద్ధకమే.

వాస్తవం: ఆటలో ప్రతి క్షణం ఫలితం కనిపిస్తుంది, కెమిస్ట్రీ పాఠం ఫలితం నెలల తర్వాత వచ్చే పరీక్షలో గానీ తెలియదు. అంత దూరంలో ఉన్న ఫలితం కోసం ఇప్పుడు పనిలో దిగడమే ఈ పిల్లలకు అన్నిటికన్నా కష్టం. ఏం చేయాలో వారికి తెలుసు, తెలిసినదాన్ని వేళకు మొదలుపెట్టలేరు. అందువల్ల ఎంత ఉపదేశించినా ఫలితం ఉండదు.

అపోహ: పదహారేళ్ళు వచ్చాయి, ఇక తన పనులు తనే చూసుకోవాలి.

వాస్తవం: నా అనుభవంలో ఎక్కువ నష్టం చేసేది ఈ నమ్మకమే. ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లల్లో మెదడు పైపొర పరిణతి, ముఖ్యంగా ముందు భాగంలో, సగటున సుమారు మూడేళ్ళు ఆలస్యమవుతుందని అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ పరిశోధకులు 2007లో చూపారు. ప్రణాళిక వేసుకోవడానికి, తొందరపాటును ఆపుకోవడానికి తోడ్పడే భాగం అదే. సిలబస్ రెట్టింపై, రికార్డులు, వారాంతపు పరీక్షలు మీద పడే సమయంలోనే మనం ఆసరా తీసేస్తే ఎదురుదెబ్బలు తప్పవు.

ఆసరా అంటే వెంటపడి అరవడం కాదు. ఆ వారం చేయాల్సిన పనులు గోడ మీద కనిపించేలా రాయడం, పెద్ద పనిని ఇరవై నిమిషాల ముక్కలుగా విడగొట్టడం, ఎదురుగా గడియారం పెట్టడం, బ్యాగు రాత్రే సర్దించడం వంటివి చిన్నవిగా కనిపించినా బాగా పనిచేస్తాయి. ఎప్పుడు, ఎన్నిసార్లు గుర్తుచేయాలో పిల్లలతోనే మాట్లాడి ఒప్పందానికి రండి. చుట్టాల ముందు ఆ ప్రస్తావన తేకండి. ఒక పని అలవాటైందని నమ్మకం కుదిరాకే ఆ ఒక్క ఆసరానే సడలించండి. తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా స్టడీ అవర్స్ నడిచే హాస్టల్ కళాశాలలో చేర్చే ముందు, అక్కడ ఈ పిల్లల్ని కనిపెట్టుకుని ఉండే ఒక అధ్యాపకుడైనా ఉన్నారో లేదో కనుక్కోండి. లేకపోతే ఇంటి నుంచి వెళ్ళి చదవడమే మేలని నా అభిప్రాయం.

అపోహ: చాక్లెట్లు, తీపి మానిపిస్తే తగ్గిపోతుంది.

వాస్తవం: చక్కెరకూ ఈ లక్షణాలకూ సంబంధం ఉన్నట్టు పరిశోధనల్లో తేలలేదు. నిద్ర మాత్రం ముఖ్యం. ఈ వయసులో రోజుకు 8 నుంచి 10 గంటలు పడుకోవాలి.

అపోహ: మందులు వాడితే వాటికి బానిసలవుతారు, మొద్దుబారిపోతారు.

వాస్తవం: ఏడీహెచ్‌డీకి వాడే మిథైల్‌ఫెనిడేట్ చట్టం కట్టడి చేసిన మందు కనుక వైద్యుల చీటీ లేనిదే ఇవ్వరు. వైద్యుల పర్యవేక్షణలో వాడితే తర్వాతి కాలంలో వ్యసనాల ముప్పు పెరిగినట్టు అధ్యయనాల్లో కనిపించలేదు. ఆకలి, నిద్ర తగ్గవచ్చు కాబట్టి బరువు, ఎత్తు, రక్తపోటు, గుండె వేగం చూస్తూ ఉంటాం. ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండెజబ్బు ఉంటే ముందే చెప్పాలి. పిల్లలు మందకొడిగా మారితే మోతాదు సరిచూడాల్సి ఉంటుంది కనుక వెంటనే వైద్యులకు తెలియజేయండి. దీనికే వాడే మరో మందు అటమాక్సెటిన్ పూర్తిగా పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. మాత్రలు పెద్దల దగ్గరే ఉండాలి, పరీక్షల ముందు స్నేహితులకు పంచడం ప్రమాదకరం. మందు ఏకాగ్రతకు సాయపడుతుందే గానీ ప్రణాళిక వేసుకోవడం నేర్పదు. అందుకే పైన చెప్పిన ఆసరా మందుతో పాటు కొనసాగాలి.

సలహా కోసం ఎర్రగడ్డ మానసిక వైద్యాలయానికి గానీ విశాఖపట్నం ప్రభుత్వ మానసిక వైద్యశాలకు గానీ వెళ్ళవచ్చు; ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416 నంబరుకు ఫోన్ చేయవచ్చు. మొదటిసారి వచ్చేటప్పుడు చిన్న తరగతుల ప్రోగ్రెస్ కార్డులు తీసుకురండి. మార్కుల కన్నా టీచర్లు రాసిన మాటలే మాకు ఎక్కువ ఉపయోగపడతాయి. మీ అబ్బాయి లేదా అమ్మాయి డాక్టరుతో కాసేపు ఒంటరిగా మాట్లాడేందుకు అవకాశం ఇవ్వండి.