మాలర్ ఆరో సింఫనీలో ఏది ముందు?

పాశ్చాత్య స్వరకర్త గుస్తావ్ మాలర్ ఆరో సింఫనీ (ఆర్కెస్ట్రా కోసం రాసిన పెద్ద రచన) రికార్డింగులు ఓ నాలుగు తెచ్చుకుని వినండి. నాలుగు భాగాల ఆ రచనలో మొదటిదీ చివరిదీ ఎక్కడివక్కడే ఉంటాయి. నడిమి రెండే తారుమారవుతుంటాయి. ఒకరు దడదడలాడే స్కెర్ట్సోను ముందు వాయిస్తారు, ఇంకొకరు నెమ్మదైన ఆందాంతెను. త్యాగరాజ కృతుల పాఠాంతరాల మీద శిష్యపరంపరలు పట్టే పంతాలు చూసినవారికి ఈ తగాదా వింతగా తోచదు. కాకపోతే ఇక్కడ రచన మాలర్ బతికుండగానే అచ్చయింది, ఆయన చేతి కిందే మోగింది. అచ్చయిన వరసకూ వాయించిన వరసకూ పొత్తు కుదరలేదు.

మాలర్ 1860లో బొహీమియాలోని కలిష్టే పల్లెలో పుట్టాడు. తండ్రి సారాయి వ్యాపారి. స్వరకర్తగా ఇప్పుడు ఎంత పేరున్నా, అప్పట్లో ఆయనకు తిండి పెట్టింది కండక్టరు వృత్తే. (మనకు ఆ మాట వినగానే టికెట్లు కొట్టే మనిషి గుర్తొస్తాడు. ఈ కండక్టరు చేతిలో సన్నని బెత్తంతో వందమంది వాద్యకారులను నడిపిస్తాడు.) బుడాపెస్ట్, హాంబర్గ్ దాటి 1897లో వియన్నా ఆస్థాన ఒపేరాకు చేరాడు. యూదులకు అంత పెద్ద పదవి అందని రోజులవి. యూదుడైన మాలర్ అందుకే కొన్ని నెలల ముందే కాథలిక్కుగా మారాడు. ఏడాదంతా ఇతరుల రచనలు వాయించడంతోనే సరిపోయేది, సొంత రాతకు మిగిలినవి వేసవి సెలవులే. ఆరో సింఫనీని 1903, 1904 వేసవుల్లో మైయెర్నిగ్‌లో, సరస్సు దగ్గరి అడవిలో కట్టించుకున్న ఒంటిగది కుటీరంలో రాశాడు.

చివరి భాగంలో ఒక పెద్ద సుత్తి ఉంది. ఆ దెబ్బ లోహంలా ఖంగుమనకూడదు, గొడ్డలి వేటులా పొట్టిగా, బలంగా, మొద్దుగా పడాలని మాలర్ రాశాడు. ఇప్పటికీ ఆర్కెస్ట్రాలు ఇందుకోసం పెట్టెలు, దిమ్మెలు తయారుచేయించుకుంటాయి. వాద్యకారుడు లేచి నిలబడి కొయ్యసుత్తిని తల మీదికెత్తగానే సభ సభంతా అటే చూస్తుంది. దానికి తోడు ఆవుల మెడగంటలు కూడా. 1907 జనవరిలో వియన్నా హాస్యపత్రిక ఒకటి దీన్ని బొమ్మ వేసి మరీ వెక్కిరించింది. మోటారు హారను పెట్టడం మరిచిపోయానే, ఇక ఇంకో సింఫనీ రాయాలి అని అందులో మాలర్ నెత్తి పట్టుకుంటాడు.

ఇక అసలు తగాదా. లైప్‌జిగ్‌లోని కాన్ట్ ప్రచురణ సంస్థ స్కెర్ట్సోను రెండో భాగంగా అచ్చువేసింది. తొలి ప్రదర్శన 1906 మే 27న ఎసెన్‌లో. రిహార్సళ్ల సమయంలో మాలర్ మనసు మారింది, ఆందాంతె ముందుకొచ్చింది. అచ్చయిన ప్రతుల్లో సవరణ చీటీ పెట్టక తప్పలేదు, తర్వాతి ముద్రణలో వరసే మారిపోయింది. సుత్తి దెబ్బలు మూడు ఉండగా మూడోదాన్ని కూడా ఆ ఏడాదే తీసేశాడు. ఎసెన్, మ్యూనిక్, వియన్నా: తను ఈ రచనను నడిపించిన మూడు ఊళ్లలోనూ ఆందాంతెనే ముందు.

1907లో పెద్ద కూతురు మరియా చనిపోయింది, ఆయన గుండెలో లోపం బయటపడింది, వియన్నా పదవి పోయింది. మూడు దెబ్బలకు మూడు ఆపదలని లెక్క కట్టి, తన రాతే తనకు శకునమైందన్న కథ భార్య ఆల్మా జ్ఞాపకాల నుంచే పుట్టింది. మూడో దెబ్బ అంతకు ముందే పోయిన సంగతి ఈ కథ చెప్పేవారికి గుర్తుండదు. 1911 మేలో, యాభై ఒకటైనా నిండకుండానే, మాలర్ వియన్నాలో కన్నుమూశాడు.

1919లో ఆమ్‌స్టర్‌డామ్ కండక్టరు విల్లెం మెంగెల్‌బెర్గ్‌కు సందేహం వచ్చి ఆల్మాను అడిగాడు. టెలిగ్రాం వచ్చింది: ముందు స్కెర్ట్సో, తర్వాత ఆందాంతె. కారణం లేదు. అదే ఆల్మా తర్వాత తన పుస్తకంలో స్కెర్ట్సోను మూడో భాగమనే ప్రస్తావించింది. తమ ఇద్దరు పిల్లల ఆటలే అందులో ఉన్నాయని కూడా రాసింది. స్కెర్ట్సో 1903 నాటిది, రెండో పాప పుట్టింది 1904లో.

1963లో వియన్నాలోని అంతర్జాతీయ మాలర్ సంఘం పక్షాన ఎర్విన్ రాట్జ్ ప్రామాణిక ప్రతి తెచ్చి స్కెర్ట్సోను ముందుకు జరిపాడు. మాలరే చివరికి పాత వరసకు తిరిగొచ్చాడన్నాడు కానీ ఆధారం చూపలేదు. నలభై ఏళ్ల పాటు చాలామంది కండక్టర్లు దాన్నే నమ్మారు. ఆందాంతెను ముందు వాయించిన కండక్టరు బార్బిరోలీ రికార్డింగును సైతం కంపెనీ వరస మార్చి విడుదల చేసింది. 2003లో అదే సంఘం ప్రధాన సంపాదకుడు రైన్‌హోల్డ్ కూబిక్ ఆందాంతెనే ముందని ప్రకటించాడు. మరుసటి ఏడాది న్యూయార్క్‌లోని కాప్లన్ ఫౌండేషన్ సాక్ష్యాలన్నీ పుస్తకంగా వేసింది.

అయినా తగాదా తెగలేదు, చెవి ఒప్పుకోదు కాబట్టి. మొదటి భాగమూ స్కెర్ట్సో రెండూ ‘A మైనర్’ అనే ఒకే శ్రుతిలో ఉంటాయి, రెండింటిలోనూ అలాంటి దడదడ దరువే. వెంటవెంటనే వింటే దెబ్బ మీద దెబ్బ పడ్డట్టుంటుంది. ‘E ఫ్లాట్ మేజర్’ శ్రుతిలోని ఆందాంతె మూడోదిగా వస్తే, ‘C మైనర్’లో మొదలయ్యే చివరి భాగానికి దారి చక్కగా కలుస్తుంది. వినడానికి నాకూ ఆ వరసే ఇష్టం. కానీ చెవికి నచ్చినంత మాత్రాన అది మాలర్ నిర్ణయం అయిపోదు. తనే నడిపించిన ప్రతిసారీ ఒకే వరస పాటించిన మనిషి మాటను కాదనడానికి ఒక టెలిగ్రాం చాలదు.

ఆ టెలిగ్రాం అందాక మెంగెల్‌బెర్గ్ తన స్వరలిపి ప్రతి మీద ఒక గమనిక రాసుకున్నాడు: మాలర్ సూచన ప్రకారం, ముందు స్కెర్ట్సో, తర్వాత ఆందాంతె. అప్పటికి మాలర్ పోయి ఎనిమిదేళ్లు.